పడుకున్న ఇంజిను

మా వీధి చివర షెడ్డులో మెకానిక్ సెల్‌ఫోను పక్కన పెట్టి చేసే పని ఒక్కటే, ట్యాపెట్లు సరిచేయడం. ఇంజిను పూర్తిగా చల్లారేదాకా బండిని ముట్టుకోడు. ఆ తర్వాత సిలిండర్ హెడ్డు మీది గుండ్రటి మూత విప్పుతాడు. పేకముక్కల్లా విచ్చుకునే ఉక్కు రేకుల కట్టలోంచి బాగా పల్చటిదాన్ని ఎంచి, వాల్వు కొసకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య దూరుస్తాడు. నేను చూసిన రోజున ఆయన ముందున్నది పాత హీరో హోండా సీడీ 100. దానికి ఉండాల్సిన సందు 0.05 మిల్లీమీటర్లు. మామూలు తలవెంట్రుక కూడా అంతకన్నా లావే. రేకు జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. "పుస్తకంలోంచి నెమలీక లాగినట్టుండాలి సార్" అన్నాడు.

ఆ సందు ఎక్కువైతే ఇంజిను టకటకమంటుంది. చెవిన పడుతుంది కాబట్టి ఎవరో ఒకరు బాగుచేయిస్తారు. తక్కువైతే చప్పుడే ఉండదు. వాల్వు పూర్తిగా మూసుకోక, దాని అంచు లోపల్లోపలే కాలిపోతూ ఉంటుంది. చప్పుడు చేసే బండికి భయం లేదని, చప్పుడు చేయనిదాన్నే కనిపెట్టి ఉండాలని ఆయన సిద్ధాంతం. ఈ వ్యాసానికి నాకు దొరికిన సూత్రం కూడా అదే.

ఆ బండిని వంగి చూస్తే ఇంకో విశేషం కనబడుతుంది. బుల్లెట్‌లోనూ యమహా ఆర్‌ఎక్స్ 100లోనూ సిలిండరు నిటారుగా నిలబడి ఉంటుంది. ఇందులో మాత్రం ముందు చక్రం వైపు తలపెట్టి, దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. ఆ పడక వెనక పెద్ద కథే ఉంది.

యుద్ధంలో ఓడిన జపాన్‌లో జనానికి తిరగడానికి బళ్లు లేవు. 1946లో సోయిచిరో హోండా, సైన్యం వాడి వదిలేసిన రేడియో జనరేటర్ల చిన్న ఇంజిన్లను సైకిళ్లకు బిగించి అమ్మాడు. 1948లో కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది టకేవో ఫుజిసావా వచ్చి చేరాడు. హోండా చేతినిండా గ్రీజు, ఫుజిసావా చేతినిండా లెక్కలు. ఇద్దరూ 1956లో యూరప్ వెళ్లి అక్కడి మోపెడ్లను, స్కూటర్లను చూసి వచ్చారు. ఆ పలచటి చక్రాలు జపాన్ గతుకుల రోడ్లకు పనికిరావని తేల్చుకుని, తమ బండి తామే గీసుకున్నారు. అలా 1958లో వచ్చిందే సూపర్ కబ్. 49 సీసీ ఇంజిను, 17 అంగుళాల చక్రాలు, బురద చిమ్మకుండా కాళ్లకు అడ్డంగా ప్లాస్టిక్ తొడుగు.

నూడుల్స్ దుకాణం కుర్రాడు ఒక చేత్తో పళ్లెం మోస్తూ మరో చేత్తో నడపగలగాలన్నది దాని వెనకున్న షరతని చెబుతారు. అందుకే చేతి క్లచ్ తీసేసి, ఇంజిను వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకునే క్లచ్ పెట్టారు. ఎక్కేటప్పుడు కాలు ఎత్తి దాటేయనక్కర లేకుండా మధ్యలో దారి వదలాలి, అంటే అక్కడ ఇంజిను నిలబడకూడదు. కాబట్టి దాన్ని పడుకోబెట్టారు. దానివల్ల రెండు లాభాలు తోడయ్యాయి. బరువు నేలకు దగ్గరై బండి తూలడం తగ్గింది. అన్నిటికన్నా వేడెక్కే హెడ్డుకి ఎదురుగాలి నేరుగా తగిలింది. 2017 నాటికి సూపర్ కబ్ కుటుంబం పది కోట్ల బళ్లు దాటింది. మోటారు వాహనాల్లో ఇంకే మోడలూ ఆ అంకె చూడలేదు.

ఆ వంశంలో ఒక పిల్ల మన ఇంటికి వచ్చింది. స్కూటరు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. 1980ల నడుమ జపాన్ కంపెనీలు మనవాళ్లతో చేతులు కలిపి వరసగా వంద సీసీ బళ్లు నాలుగు దింపాయి. సుజుకీ, యమహా, కవాసాకీ టూ స్ట్రోక్‌తో వచ్చాయి. 1984లో మొదలైన హీరో హోండా మాత్రం 1985లో ఫోర్ స్ట్రోక్ సీడీ 100తో వచ్చింది. 50 మిల్లీమీటర్ల బోరు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 97.2 సీసీ. ఆర్‌ఎక్స్ 100 ఇంచుమించు అంతే ఇంజినుతో 11 హార్స్‌పవర్ ఇస్తుంటే, ఇది 7 చిల్లర దగ్గరే ఆగింది. కాలేజీ కుర్రాళ్లు దానివైపు కన్నెత్తి చూడలేదు. చూసిన వాళ్లు టీచర్లు, ఎల్‌ఐసీ ఏజెంట్లు, పాల కేంద్రాల వాళ్లు.

వాళ్ల లెక్క తప్పలేదు. టూ స్ట్రోక్ సిలిండరు ఒకే గుమ్మం ఉన్న పెళ్లిపందిరి లాంటిది. తిన్నవాళ్లు బయటికి వెళ్తుండగానే కొత్తవాళ్లు లోపలికి తోసుకొస్తారు. ఆ తోపులాటలో కొందరు విస్తరి ముందు కూర్చోకుండానే బయటపడతారు. అలా మండకుండానే సైలెన్సర్‌లోకి పోయేది మనం డబ్బు పెట్టి కొన్న పెట్రోలు. ఫోర్ స్ట్రోక్‌లో రావడానికో వాల్వు, పోవడానికో వాల్వు, ఒక్కోదానికి తన సమయం. రెండు చుట్లకు ఒకసారే మంట పడుతుంది కాబట్టి బలం తక్కువ, పెట్రోలు మాత్రం వృథా కాదు. లీటరుకు 80 కిలోమీటర్లంటూ కంపెనీ ప్రచారం చేసింది. పెట్రోలు పోసి మూతపెట్టి ఇక ఆ ఊసే మరిచిపొమ్మన్న ఆ ప్రకటన మా తరానికి పద్యంలా నోటికొచ్చింది.

మరిచిపొమ్మన్నది పెట్రోలును. మనం ఆయిల్నీ, చైన్నీ, చివరికి ఇన్సూరెన్సునీ కలిపి మరిచిపోయాం.

ఆయిల్ సంగతే చూడండి. టూ స్ట్రోక్‌లో ఇంజిను ఆయిలు పెట్రోలుతో పాటు కాలిపోతుంది కాబట్టి పిస్టనుకు ఎప్పటికప్పుడు కొత్తదే అందుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో పోసిన ఆయిలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. నిమిషానికి 5,000 చుట్ల దగ్గర ఈ చిన్న ఇంజినులో 2,500 సార్లు మంట లేస్తుంది, పిస్టను దాదాపు అర కిలోమీటరు పరుగు తీస్తుంది. దాన్నీ, గేర్లనీ, క్లచ్ ప్లేట్లనీ తడిపేది లీటరు కూడా లేని ఒకే ఆయిలు. క్లచ్ అందులో మునిగి ఉంటుంది గనక, కారుకు పోసే ఖరీదైన ఆయిల్ మంచిదేగా అని పోస్తే ప్లేట్లు జారవచ్చు. కార్ల ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, క్లచ్‌కేమో రాపిడే ప్రాణం. డబ్బా మీద 'జాసో ఎంఏ' అన్న గుర్తు చూసుకుని, మాన్యువల్ చెప్పిన చిక్కదనమే వాడాలి. నెలకోసారి గేజు పుల్ల తీసి చూడటానికి నిమిషం పట్టదు.

గాలి వడపోత కూడా అంతే. ఒక లీటరు పెట్రోలు మండటానికి దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. కిలోమీటరుకు నూట యాభై లీటర్ల చొప్పున మన రోడ్ల మీది దుమ్ముగాలిని మింగుతూ పోయే జీవి అది. ఫిల్టరు మూసుకుపోతే ముందు పడిపోయేది మైలేజీ, మనం మాత్రం బంకువాణ్ణి అనుమానిస్తాం.

ఇక చైను. హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ మనిషి 1880లో మాంచెస్టర్‌లో రోలర్ చైను తయారుచేశాడు. ఇప్పటికీ రూపం పెద్దగా మారలేదు. చైను సాగిందంటాం గానీ ఉక్కు పలకలు సాగవు. లింకు లింకుకీ మధ్యనున్న పిన్నూ బుష్షూ అరుగుతాయి. ఒక్కో లింకు దగ్గర పదో వంతు మిల్లీమీటరు అరిగినా నూరు లింకుల చైను సెంటీమీటరు పొడుగవుతుంది. అప్పుడది స్ప్రాకెట్ పళ్లలో సరిగా కూర్చోక వాటిని కొడవలిలా వంచుతుంది. ఈ తరహా బళ్లకు చైను మొత్తం కప్పేసే రేకు పెట్టె ఉంటుంది. దుమ్ము నుంచీ నీళ్ల నుంచీ కాపాడుతుంది, మన కంటి నుంచి కూడా కాపాడుతుంది. నా బండికి నాలుగేళ్లు ఆ పెట్టె విప్పించలేదు. ఒక సాయంత్రం రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన మీద చైను పళ్ల మీంచి ఎగిరింది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే, కింద గోదావరి, పైన నేను, బండిని తోసుకుంటూ కొవ్వూరు వైపు నడిచాను. తప్పు బండిది కాదు. దానికి చుక్క నూనె పడి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

1994లో స్ప్లెండర్ వచ్చింది. అదే 97.2 సీసీ, అదే పడుకున్న సిలిండరు, కొత్త చొక్కా. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ టూ స్ట్రోక్‌లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. 2010 చివర్లో హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించారు. ఇంజిను మాత్రం పుట్టింటి పోలికతో హీరో దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఆ కంపెనీ కర్మాగారం ఒకటి మన సత్యవేడు దగ్గర కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక కార్బొరేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చోక్ లాగే పని తప్పింది. ట్యాంకులో పంపు చేరింది. దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి, చివరి చుక్కదాకా నడిపే పాత అలవాటు కొత్త బండికి చేటు.

మొన్న మా మేనల్లుడు వచ్చాడు. లైసెన్సు చేతికొచ్చి వారం. "మామయ్యా, రెండు వందల సీసీది తీసుకుందామనుకుంటున్నా, ఏమంటావు?"

"ముందు దాన్ని స్టాండు వేయకుండా వెనక్కి తోసి చూడరా" అన్నాను. బండి ఎంపికలో ఎవరూ చెప్పని పరీక్ష అది. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. సగటు మనిషికి రెండు పాదాలూ నేలకు ఆనుతాయి. కొత్తగా నేర్చినవాళ్లు పడేది వేగంలో తక్కువ, సందుల్లో మలుపు తిప్పుతూ, సిగ్నల్ దగ్గర ఆగుతూ ఎక్కువ. అయితే వాడి వైపూ న్యాయం లేకపోలేదు. 2019 ఏప్రిల్ నిబంధన ప్రకారం 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్ తప్పనిసరి. అంతకు లోపువాటికి, వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పట్టే కలివిడి బ్రేకు ఉన్నా సరిపోతుంది. తడిరోడ్డు మీద గాభరాగా పట్టినప్పుడు చక్రం బిగుసుకోకుండా ఆపేది ఏబీఎస్సే. అందుకని నూట యాభై లోపు, ఏబీఎస్ ఉన్నది చూడమన్నాను. ముందు బ్రేకంటే భయపడొద్దని కూడా చెప్పాను. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, పట్టు ఉండేది అక్కడే.

నూట యాభై అన్న గీతకు ఇంకో అర్థం ఉంది. 2022 జూన్‌లో అమలైన థర్డ్ పార్టీ రేట్లలో 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు. గీత దాటి 350 దాకా 1,366. ఎదుటివాడి ప్రాణానికీ ఆస్తికీ మనం చెల్లించాల్సిన పరిహారం ఈ భాగం చూసుకుంటుంది. మన దేశంలో ఇది 1946 నుంచి తప్పనిసరి. మన బండి విరిగినా, పోయినా వచ్చేది వేరే భాగం నుంచి.

మా పక్కింటాయన ఈ తేడా తెలియకే మోసపోయాడు, అదీ తన చేతులతోనే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూ వీలరుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. పాలసీ మీద ఐదేళ్ల తేదీ చూసి ఆయన కాగితం బీరువాలో పెట్టేశాడు. అందులో సొంత నష్టం భాగం ఏడాదిదే. రెండో ఏడాది వినాయక చవితి పందిరి దగ్గర బండి మాయమైంది. కాగితం బతికే ఉంది, పైసా రాలేదు. చప్పుడు చేయని జబ్బు కాగితాలకూ ఉంటుందన్నమాట.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇంకో మెలిక. బండి మారిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆర్సీ మారింది కదా అని ఊరుకుంటే, రేపు క్లెయిముకి వెళ్లినప్పుడు పాలసీలో ఉన్న పేరు ఎవరిదో అవుతుంది. మంచి బండి ఎలా గుర్తుపట్టాలి అనడిగితే, ఉదయాన్నే అమ్మేవాళ్లింటికి వెళ్లి ఇంజిను మీద చెయ్యి పెట్టి చూడమంటాను. మనం వెళ్లేసరికే వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టవదన్న సంగతి దాస్తున్నట్టు అనుమానించాలి. ఆ పైన సైలెన్సరులోంచి నీలంపొగ వస్తుందేమో చూడాలి. అది ఆయిలు కాలుతున్న గుర్తు, బోరు చేయించే ఖర్చు మన నెత్తిన పడుతుంది.

మా మేనల్లుడు చివరికి ఏ బండి కొన్నాడో చెబితే మీరు నవ్వుతారు. ఈఎంఐ లెక్క వేసుకుని, వాళ్ల నాన్న వాడిన పాత స్ప్లెండర్‌నే బాగుచేయించుకున్నాడు. పది రోజుల తర్వాత ఫోను.

"మామయ్యా, చైను కవరుకి ఈ రబ్బరు మూతేంటి?"

"తీసి, వేలు పెట్టి చైన్ని పైకీ కిందికీ ఆడించు. పాతిక, ముప్ఫై మిల్లీమీటర్లు ఆడాలి."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. చూపుడువేలు, రెండు కణుపుల దాకా నల్లటి గ్రీజు. కింద ఒక్క మాట: "నలభై ఆడుతోంది."