రెండో భూమి దొరికిందా? నా పాత వీడియోకి నేనే ఇస్తున్న కరెక్షన్

ఈ ఎపిసోడ్‌లో ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

2025 ఏప్రిల్‌లో కే2-18బి అనే గ్రహం గురించి వార్త వచ్చింది, గుర్తుందా? టీవీల్లో, రీల్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో అంతా అదే. నేను కూడా ఆ రాత్రి హడావిడిగా ఒక వీడియో చేసి, థంబ్‌నెయిల్ మీద పెద్ద అక్షరాలతో "రెండో భూమి దొరికేసింది!" అని పెట్టేశాను. నా ఛానల్లో అప్పటిదాకా ఏ వీడియోకీ రానన్ని వ్యూస్ వచ్చాయి. నేను ఫుల్ హ్యాపీ.

స్కూళ్లు తెరిచాక టెన్త్ చదివే తమ్ముడొకడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నీ వీడియో చూసి క్లాస్ సెమినార్‌లో అక్కడ సముద్రం ఉంది, జీవులున్నాయి అని చెప్పాను. మా ఫిజిక్స్ సార్ 'ఎవరు చూశారు? ఎలా తెలిసింది?' అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. అందరూ నవ్వారు" అని.

నిజం చెప్తున్నా, ఆ ప్రశ్నకి నా దగ్గర కూడా సమాధానం లేదు. నేను హెడ్‌లైన్ చదివాను, పేపర్ చదవలేదు. తర్వాత కూర్చుని చదివాను. ఈ ఎపిసోడ్ ఆ తమ్ముడి కోసం. సార్ అడిగిన రెండు ప్రశ్నలకీ సమాధానం చెప్పుకుందాం.

"నివాసయోగ్యం" అంటే ఉండటానికి రెడీ అని కాదు

మనం వార్తల్లో "నివాసయోగ్యమైన గ్రహం" అని వినగానే ఏమనుకుంటాం? గాలి, నీళ్లు, చెట్లు అన్నీ ఉన్నాయి, సామాన్లు సర్దుకుని వెళ్లడమే లేటు అనుకుంటాం. సైంటిస్టుల మాటకి అర్థం అది కాదు. వాళ్లు చెప్పేది హ్యాబిటబుల్ జోన్ గురించి. అంటే నక్షత్రం నుంచి ఒక గ్రహం సరైన దూరంలో ఉందా, దాని మీద నీళ్లు ఉంటే, పైన తగినంత వాతావరణం కూడా ఉంటే, ఆ నీళ్లు ఆవిరైపోకుండా, పూర్తిగా గడ్డకట్టకుండా ద్రవంగా ఉండగలవా అని. ఆ వాక్యంలో రెండుసార్లు "ఉంటే" అన్నాను, గమనించారా? మొత్తం కథ ఆ రెండు "ఉంటే"ల దగ్గరే ఉంది.

భోగి మంట గుర్తు తెచ్చుకోండి. మరీ దగ్గరికి వెళ్తే ఒళ్లు కాలుతుంది, మరీ దూరంగా ఉంటే చలి. మధ్యలో ఒక మంచి చోటు ఉంటుంది. చిన్న మంటైతే ఇంకా దగ్గరగా జరగాలి. హ్యాబిటబుల్ జోన్ అంటే అంతే. కానీ మీరు సరైన చోట కూర్చున్నారని తెలిసినంత మాత్రాన, మీరు దుప్పటి కప్పుకున్నారో లేదో తెలీదు కదా? గ్రహానికి ఆ దుప్పటి వాతావరణం.

దీనికి పెద్ద ఉదాహరణ మన చందమామ. సూర్యుడి నుంచి భూమి ఎంత దూరమో, చందమామ కూడా దాదాపు అంతే దూరం. అంటే చందమామ కూడా హ్యాబిటబుల్ జోన్‌లోనే ఉంది! కానీ అక్కడ గాలి లేదు, నది లేదు, గడ్డిపోచ లేదు. భూమికి కూడా ఆ దుప్పటి లేకపోతే సగటు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 18 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు సుమారు 15 డిగ్రీలు ఉందంటే అది మన వాతావరణం పుణ్యమే. దుప్పటి మరీ మందమైపోయినా ప్రమాదమే. శుక్రగ్రహాన్ని చూడండి, అక్కడ 460 డిగ్రీలు.

కాబట్టి దూరం అనేది మొదటి ఫిల్టర్ మాత్రమే. అందులో పాసైనంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు.

ఎవరు చూశారు?

ఇప్పుడు సార్ మొదటి ప్రశ్న. కే2-18బిని ఎవరు చూశారు? సమాధానం: నేరుగా ఎవరూ చూడలేదు. మీరు నెట్‌లో చూసే నీలం రంగు గ్రహం బొమ్మలన్నీ ఆర్టిస్టులు గీసినవి. నా థంబ్‌నెయిల్ మీద ఉన్నది కూడా అదే.

మరి గ్రహం ఉందని ఎలా తెలిసింది? ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది ఊగిసలాట. గ్రహం నక్షత్రం చుట్టూ తిరిగేటప్పుడు, దాని గురుత్వాకర్షణ వల్ల నక్షత్రం కూడా కొంచెం ఊగుతుంది. ఆ ఊగడం వల్ల నక్షత్రం వెలుగులో వచ్చే మార్పుని కొలుస్తారు. 1995లో మిచెల్ మేయర్, డిడియే కెలో ఈ పద్ధతిలోనే 51 పెగాసి బి అనే గ్రహాన్ని కనిపెట్టారు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహం అది. 2019లో వాళ్లకి నోబెల్ వచ్చింది. మన దేశంలో కూడా మౌంట్ అబూలో పారస్ అనే పరికరంతో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు ఇదే పద్ధతి వాడి, 2018లో ఒక గ్రహం బరువు కొలిచి దాని ఉనికిని ఖాయం చేశారు. ఈ పని ఎంత కష్టమో చూడండి. భూమి వల్ల మన సూర్యుడు ఊగే వేగం సెకనుకి 9 సెంటీమీటర్లే. దాదాపు మన అరచేయి వెడల్పంత.

రెండోది నీడ పద్ధతి. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వెళ్లినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? వేరే నక్షత్రం దగ్గర నుంచి ఎవరైనా మన సూర్యుణ్ణి చూస్తుంటే, భూమి అడ్డొచ్చినప్పుడు 10 లక్షల్లో 84 వంతుల వెలుగు తగ్గుతుంది. మీ అకౌంట్‌లో 10 లక్షలుండి, 84 రూపాయలు కట్ అయితే మీరు గమనిస్తారా? కెప్లర్ టెలిస్కోప్ గమనించేది.

ఇక్కడ ఒక ఇంజినీరింగ్ ముచ్చట చెప్పాలి. 2013 నాటికి కెప్లర్‌ని కదలకుండా నిలబెట్టే చక్రాల్లో రెండు పాడైపోయాయి. పని అయిపోయిందనుకున్నారు. అప్పుడు సూర్యకాంతి వేసే ఒత్తిడినే ఆసరాగా చేసుకుని దాన్ని నిలబెట్టి మళ్లీ పని మొదలుపెట్టారు. ఆ రెండో ఇన్నింగ్స్ పేరే కే2. అందులో 2015లో దొరికిన గ్రహం మన కే2-18బి.

ఈ రెండు పద్ధతులూ కలిపితే గ్రహం సైజూ తెలుస్తుంది, బరువూ తెలుస్తుంది. కే2-18బి మనకి సుమారు 124 కాంతి సంవత్సరాల దూరంలో, సింహరాశి దిక్కులో ఉంది. వెడల్పులో భూమికి 2.6 రెట్లు, బరువులో సుమారు 8.6 రెట్లు. లెక్కేస్తే దాని సాంద్రత భూమి సాంద్రతలో దాదాపు సగమే. అంటే అది మొత్తం రాయి కాదు. కాబట్టి "రెండో భూమి" అన్న నా థంబ్‌నెయిల్ ఇక్కడే ఫెయిల్. అది భూమి టైపు గ్రహమే కాదు.

ఎలా తెలిసింది?

రెండో ప్రశ్న. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గాలిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగులో కొంచెం ఆ గ్రహం అంచున ఉన్న వాతావరణంలోంచి దూరి మన దాకా వస్తుంది. ప్రతి వాయువూ తనకి ఇష్టమైన రంగుల్ని మింగేస్తుంది. మీథేన్ కొన్ని, కార్బన్ డయాక్సైడ్ ఇంకొన్ని. ఏ రంగులు తగ్గాయో చూస్తే ఏ వాయువు ఉందో చెప్పొచ్చు. ఒక రకంగా వేలిముద్రలు అన్నమాట. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చేసేది ఇదే.

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ నిక్కు మధుసూదన్ బృందం 2023లో కే2-18బి మీద మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని చెప్పింది. ఇక 2025 ఏప్రిల్‌లో అదే బృందం ఇంకో మాట చెప్పింది. డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని చుట్టం లాంటి డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ, లేదా రెండూ ఉన్నట్టు సూచనలున్నాయని. ఎందుకంత గోల అంటే, భూమ్మీద డైమిథైల్ సల్ఫైడ్ ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది.

అయితే వాళ్లు "జీవం దొరికింది" అనలేదు. సిగ్నల్ బలం 3 సిగ్మా అన్నారు. అంటే అక్కడ అసలు ఏమీ లేకపోయినా, కేవలం నాయిస్ వల్లే ఇలాంటి డేటా వచ్చే ఛాన్స్ 1000లో 3. "అబ్బో, 99.7 శాతం గ్యారంటీ" అనిపిస్తోందా? నాకూ అలాగే అనిపించింది. అక్కడే దెబ్బతిన్నాను.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు రాత్రిళ్లు సర్వర్ అలర్ట్‌లు చూసే డ్యూటీ ఉండేది. ఒక్కో చెక్ తప్పుడు అలర్ట్ ఇచ్చే ఛాన్స్ 1000లో 3 అనుకోండి. చాలా తక్కువ కదా? కానీ రాత్రంతా 10,000 చెక్‌లు నడిస్తే 30 తప్పుడు అలర్ట్‌లు వస్తాయి. ప్రతిసారీ మేనేజర్‌ని నిద్రలేపితే ఏమవుతుందో మీకు తెలుసు. సైన్స్‌లో కూడా అంతే. ఎన్నో అణువుల్ని డేటాతో పోల్చి చూస్తే, ఏదో ఒకటి అదృష్టవశాత్తూ సరిపోవచ్చు. అందుకే ఇలాంటి పెద్ద మాటకి 5 సిగ్మా కావాలంటారు.

తర్వాత వేరే బృందాలు అదే డేటాని విడిగా పరిశీలించాయి. ఆ సిగ్నల్ అంత బలంగా లేదని, వేరే అణువులతో కూడా ఆ డేటాని వివరించొచ్చని చెప్పాయి. ఇంకో సమస్య కూడా ఉంది. రోసెట్టా వ్యోమనౌక వెళ్లిన 67పి తోకచుక్క డేటాలో కూడా డైమిథైల్ సల్ఫైడ్ కనిపించింది. తోకచుక్క మీద సముద్రం లేదు, సూక్ష్మజీవులు లేవు. అంటే జీవం లేకుండా కూడా అది తయారవగలదు.

అసలు ఆ గ్రహం మీద సముద్రం ఉందా అనేదే తేలలేదు. హైడ్రోజన్ వాతావరణం కింద పెద్ద సముద్రం ఉండొచ్చని మధుసూదన్ బృందం ఆలోచన. నేల అనేదే లేని చిన్న నెప్ట్యూన్ అని కొందరు, కింద కరిగిన శిలాద్రవం ఉండొచ్చని ఇంకొందరు. ఇప్పుడున్న డేటాతో ఈ వాదన తేలదు.

మరి మిగతా గ్రహాలు?

ఇప్పటిదాకా ఖాయమైన బయటి గ్రహాలు 6,000 దాటాయి. అందులో అందరూ ఆశగా చూసేది ట్రాపిస్ట్-1. సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో, సైజులో గురుగ్రహం కన్నా కాస్త పెద్దదైన చిన్న ఎర్ర నక్షత్రం. దాని చుట్టూ దాదాపు భూమి సైజులో 7 గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. మంట చిన్నది కాబట్టి అన్నీ దగ్గరగా జరిగి కూర్చున్నాయి. 'ఇ' అనే గ్రహానికి ఏడాది అంటే మన 6 రోజులు.

దగ్గరగా కూర్చోవడంలో ఒక ఇబ్బంది ఉంది. ఇలాంటి ఎర్ర నక్షత్రాల మీద పెద్ద పెద్ద జ్వాలలు ఎగసిపడతాయి. అవి గ్రహం కప్పుకున్న దుప్పటినే ఊడదీసేయొచ్చు. 2023లో వెబ్ టెలిస్కోప్ అన్నిటికన్నా లోపలున్న 'బి' గ్రహాన్ని కొలిచింది. పగటి వైపు సుమారు 230 డిగ్రీలు, వాతావరణం ఉన్న ఆనవాలు లేదు. దాని పక్కనున్న 'సి' మీద కూడా మందమైన కార్బన్ డయాక్సైడ్ వాతావరణం కనిపించలేదు. హ్యాబిటబుల్ జోన్‌లో ఉన్న 'ఇ' సంగతి ఇంకా తేలలేదు. నక్షత్రం మీదున్న మచ్చలే సిగ్నల్‌ని గందరగోళం చేస్తున్నాయి. అందుకే మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు.

"అన్నా, మరి మనం అక్కడికి ఎప్పుడు వెళ్తాం?" అనే కామెంట్ ఎప్పుడూ ఉంటుంది. మనకి అన్నిటికన్నా దగ్గరి బయటి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు. దానికీ హ్యాబిటబుల్ జోన్‌లో ఒక గ్రహం ఉంది, 2016లో కనిపెట్టారు. సెకనుకి 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్ 1 లాంటి నౌకలో వెళ్తే, అక్కడికి చేరడానికి సుమారు 75 వేల ఏళ్లు. కే2-18బికైతే దాదాపు 22 లక్షల ఏళ్లు. కాబట్టి ఈ వెతుకులాట ఇల్లు మారడం కోసం కాదు. ఈ విశ్వంలో మనం ఒక్కళ్లమేనా అనే ప్రశ్న కోసం. అంత పెద్ద ప్రశ్నకి అరకొర సమాధానంతో సరిపెట్టుకోకూడదు.

తమ్ముడూ, సార్ మళ్లీ అడిగితే ఇలా చెప్పు. "సార్, ఆ గ్రహాన్ని ఎవరూ నేరుగా చూడలేదు. నక్షత్రం వెలుగు తగ్గడం, ఊగడం కొలిచి గ్రహం ఉందని, ఎంత పెద్దదో కనుక్కున్నారు. దాని గాలిలోంచి వచ్చిన వెలుగులో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కనిపించాయి. జీవానికి గుర్తు అన్నది ఇంకా రుజువు కాలేదు." ఇందులో సముద్రం లేదు, జీవులు లేవు. కానీ ప్రతి ముక్కకీ నీ దగ్గర ఆధారం ఉంటుంది.

మిగతావాళ్లు కూడా, ఇకపై "మరో భూమి" అని వార్త కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. తెలిసింది దూరం ఒక్కటేనా? వాతావరణాన్ని కొలిచారా? వేరే బృందం సరిచూసిందా? మూడోదానికి "లేదు" అనొస్తే షేర్ చేయకుండా కాస్త ఆగండి.

పాత వీడియో డిలీట్ చేయలేదు. థంబ్‌నెయిల్ మార్చి, "ఇందులో తప్పుంది, కరెక్షన్ ఎపిసోడ్ చూడండి" అని పిన్ కామెంట్ పెట్టాను. దీనికి ఆ వీడియోకి వచ్చినన్ని వ్యూస్ రావని నాకు తెలుసు, అయినా పర్లేదు. ఈ ఎపిసోడ్‌లో కూడా తప్పు కనిపిస్తే మొహమాటపడకుండా కామెంట్‌లో రాయండి. ట్రాపిస్ట్-1ఇ గురించి కొత్త కొలతలు వచ్చినప్పుడు, ఈసారి పేపర్ చదివాకే కెమెరా ముందుకొస్తాను. మళ్లీ కలుద్దాం.