రేవులో మామూలు

విశాఖపట్టణ రేవు ముఖద్వారమునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన కొండకు ఆంగ్లేయులు డాల్ఫిను ముక్కు అని పేరు పెట్టిరి. స్థానికులకు అది యారాడ కొండ. 1957లో నిర్మింపబడిన దీపస్తంభము దానిపై నున్నది. కొండకు ఆవలివైపున, మూడు దిక్కుల కొండలును నాలుగవ దిక్కున సముద్రమును గల యారాడ గ్రామము కలదు. ఆ గ్రామపు టొడ్డున నిలిచి చూచువారికి, లంగరు వేసికొని రేవులోనికి పిలుపు కొరకు ఎదురుచూచు ఓడలు దూరమున కానవచ్చును. చూపరులకు అవి విశ్రమించుచున్నట్లు తోచును. ఓడ యజమానికి మాత్రము అది విశ్రాంతి కాదు, వ్యయము. కదలని ఓడకు సైతము అద్దె, ఇంధనము, సిబ్బంది జీతములు తప్పవు. పెద్ద ఓడ ఒక్క దినము వృథాగా నిలిచినచో వేలకొలది డాలర్లు నష్టము.

ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నచో, ప్రపంచమందలి రేవులలో లంచము ఎట్లు పుట్టునో, దానిని తొలగించుటకై అంతర్జాతీయ సంస్థలు నియమించు ప్రాజెక్టు అధికారులు చేయు పని యేమో గ్రహించుట సులభము.

విదేశమునుండి ఓడ వచ్చినప్పుడు పలు శాఖలవారు దానిని పరీక్షింతురు. ఓడలో అంటువ్యాధి లేదని ఆరోగ్యాధికారి నిర్ధారింపవలెను. సరకుల జాబితాను కస్టమ్సువారును, సిబ్బంది పత్రములను ఇమిగ్రేషనువారును, భద్రతకు సంబంధించిన ధ్రువపత్రములను నౌకాశాఖవారును చూతురు. ఇవి యన్నియు అవసరమైన పనులే. వీనిని సక్రమముగా నిర్వర్తించి పోవు ఉద్యోగులకు ఏ దేశమునందును కొదువ లేదు.

చిక్కు వచ్చునది ఇచట. ఓడ సామగ్రి జాబితాలో రంగు డబ్బాలు ఇరువది యని వ్రాసియుండగా, లెక్కకు ఇరువదియొకటి వచ్చిన వనుకొందము. అది చేతప్పు కావచ్చును, దొంగరవాణా కావచ్చును. ఏది యని నిర్ణయించు అధికారము ఆ క్షణమున ఓడ మీద నున్న ఒక్క ఉద్యోగిది. ఆయన, "ఇది పెద్ద నేరము, ఓడను ఆపవలసి వచ్చును" అని, కొంతసేపు ఊరకుండి, "లేదా..." అనినచో, ఆ "లేదా" అను మాటలోనే లంచము పుట్టినది. కెప్టెను మనసులో లెక్క కట్టుకొనును: అడిగినది కొన్ని వందల డాలర్లు; ఆలస్యమైనచో పోవునది వేలు. నిరాకరించినచో తన సిబ్బందికి ఏమి ఇబ్బంది కలుగునో యను భయ మొకటి. ఆ లెక్కలో నీతి ఓడిపోవుట తరచు జరుగును.

మన భాషలో ఇట్టి సొమ్మునకు "మామూలు" అను పేరు స్థిరపడినది. ఆ పేరే రోగలక్షణము. లంచ మనినచో తప్పు అని ధ్వనించును. మామూలు అనినచో ఎప్పుడును జరుగునదియే కదా యని ధ్వనించును. అడుగువానికి సిగ్గును, ఇచ్చువానికి కోపమును లేకుండ చేయు మాట యది. ఈ జాడ్యము మన దేశమునకే పరిమితము కాదు. ఈజిప్టునందలి సూయజు కాలువ గుండ పోవు నావికులు, తమ్ము అడుగు సిగరెట్టు పెట్టెలను బట్టి దానికి "మార్ల్‌బరో కాలువ" అని మారుపేరు పెట్టిరి. పేరు నవ్వు పుట్టించునదే. కాని దాని వెనుక నున్నది బలవంతపు వసూలే.

చట్టములు లేకపోలేదు. పరదేశపు ఉద్యోగులకు లంచ మిచ్చుట నేరమని అమెరికా 1977లోనే శాసించెను. పనిని త్వరపెట్టుటకై ఇచ్చు చిన్న మొత్తములను మాత్రము అది మినహాయించెను. 2011లో అమలులోనికి వచ్చిన బ్రిటిషు చట్టము ఆ మినహాయింపును కూడ ఇయ్యలేదు. ఐక్యరాజ్య సమితి 2003లో అవినీతి నిరోధక ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము దానిని 2011లో ధ్రువీకరించినది. మన అవినీతి నిరోధక చట్టము 1988 నాటిది. 2018లో జరిగిన సవరణ ననుసరించి లంచ మిచ్చువాడును శిక్షార్హుడే. అయితే నిర్బంధముచే ఇచ్చి, ఏడు దినములలోగా ఆ సంగతిని పోలీసులకుగాని తగిన దర్యాప్తు సంస్థకుగాని తెలిపినవానికి మినహాయింపు కలదు.

కాని చట్టము కాగితము మీద నుండును. కెప్టెను ఓడ మీద నుండును. ఈ రెంటికి నడుమ నున్న దూరమును తగ్గించుటయే ప్రాజెక్టు అధికారి పని.

2011లో కొన్ని నౌకాసంస్థలు కలిసి సముద్రయాన అవినీతి నిరోధక సంఘమును ఏర్పరచుకొనెను. దాని ప్రధాన కార్యాలయము డెన్మార్కు రాజధాని కోపెనుహేగనులో కలదు. ఒక్క సంస్థ మామూలు నిరాకరించినచో దాని ఓడ ఆగిపోవును, పక్క ఓడ ముందుకు పోవును. అందరును కలిసి నిరాకరించినచో ఆపుటకు అర్థముండదు. ఆ సంఘమునకు పునాది ఈ ఆలోచనయే.

ఇట్టి సంస్థలలో ప్రాజెక్టు అధికారి డిటెక్టివు వలె దొంగలను పట్టునని కొందరు తలంతురు. అది సరి కాదు. పట్టుట పోలీసుల పని, శిక్షించుట న్యాయస్థానముల పని. ఈయన పని మొదట వినుట. కెప్టెనులు పేరు చెప్పకుండ పంపు సమాచారమును సేకరించి, ఏ రేవున, ఏ శాఖవారు, ఏ నెపముతో, ఏమి అడిగిరి, ఇచ్చినప్పుడు ఏమయ్యెను, నిరాకరించినప్పుడు ఏమయ్యెను అని పట్టికలుగా కూర్చును. ఒక్క ఫిర్యాదు ఒక మనిషి మాట మాత్రమే. ఒకే నెపము నూరు ఫిర్యాదులలో కనిపించినచో అది ఆ రేవు పద్ధతిలోని లోపము.

పిమ్మట ఆ లోపమునకు మూలమెచట నున్నదో వెదకవలెను. రాబర్టు క్లిట్‌గార్డు అను అమెరికను పండితుడు 1988లో ప్రకటించిన గ్రంథములో దీనికొక సూత్రము చూపెను. పని ఒక్కరి చేతిలోనే యుండి, దానిని తన యిష్టము వచ్చినట్లు నిర్ణయించు స్వేచ్ఛ ఆ ఒక్కరికే యుండి, చేసినదానికి జవాబు చెప్పవలసిన అవసరము లేనప్పుడు అవినీతి పెరుగునని దాని సారాంశము. కనుక మనిషిని తిట్టుటకంటె ఈ మూటిలో దేనిని మార్చగలమో చూచుట ఉత్తమము.

అర్జెంటీనాలో జరిగినది ఇందుకు మంచి తార్కాణము. ధాన్యము నింపుటకు ముందు ఓడ గిడ్డంగులు శుభ్రముగ నున్నవో లేవో అచట తనిఖీ చేయుదురు. కొంచెము త్రుప్పు, నాలుగు పాత గింజలు కనబడినవని పరీక్షకుడు ఓడను తిరస్కరింపవచ్చును. శుభ్రమనిన ఎంత శుభ్రమో నియమమునందు స్పష్టముగ లేనందున తిరస్కారము బేరమునకు సాధనమయ్యెను. నౌకాసంస్థలు ఈ సమాచారమును క్రోడీకరించి, అచటి న్యాయవాదుల సహాయముతో ప్రభుత్వముతో సంప్రదింపులు జరిపెను. 2017లో తనిఖీ పద్ధతి మారెను. నియమములు స్పష్టమయ్యెను, వివాదము వచ్చినచో మరియొకరిచే పరీక్ష చేయించు ఏర్పాటు కలిగెను, ఫలితములను ఎలక్ట్రానిక్ పద్ధతిని నమోదు చేయసాగిరి. అటుపిమ్మట ఈ తనిఖీలను గూర్చిన ఫిర్యాదులు ఎంతో తగ్గినవి. అధికారుల స్వభావము ఒక్క సంవత్సరములో మారియుండదు. వారి చేతిలోని "లేదా" అను మాటకు విలువ పోయినది.

భారతదేశమునందును 2017లో ప్రభుత్వము, అంతర్జాతీయ సంస్థలు, నౌకాసంస్థలు కలిసి ముంబయి, నవశేవా రేవులలో ఇట్టి ప్రయత్నమును ప్రారంభించెను. రేవు ఉద్యోగులకు శిక్షణ యిచ్చుట, ఫిర్యాదు ఎవరికి చేయవలెనో, ఆయన వినకున్న ఎవరికి చెప్పవలెనో మెట్లుమెట్లుగా నిర్ణయించుట అందలి ముఖ్యాంశములు. తరువాత సహాయ కేంద్రమును కూడ నెలకొల్పిరి. ఓడ మీద అన్యాయమైన కోరిక వచ్చినప్పుడు కెప్టెను ఆ కేంద్రమునకు తెలుపును. అచటివారు వెంటనే సంబంధిత శాఖ పై అధికారితో మాటలాడుదురు. ఒంటరిగా నున్న కెప్టెనుకు ఒక తోడు దొరకినది. నిజాయితీపరుడైన పై అధికారికి కూడ తన క్రింద ఏమి జరుగుచున్నదో తెలియు మార్గ మేర్పడినది.

అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2022లో రేవులలోని అవినీతిని గూర్చి దేశములకు మార్గదర్శక సూత్రములను వెలువరించెను. 2024 జనవరి 1 నుండి ఓడ రాకపోకల పత్రములన్నిటిని ఒకే ఎలక్ట్రానిక్ వాకిట సమర్పించు ఏర్పాటును సభ్యదేశములకు తప్పనిసరి చేసెను. పత్రము చేతికి గాక యంత్రమునకు ఇచ్చినప్పుడు, పత్రముతో పాటు మరియేదియో ఇయ్యవలసిన అవసరము తగ్గును.

కొనుగోళ్ళలో సైతము ఇదే సూత్రము పనిచేయును. బెర్లినులో 1993లో స్థాపితమైన ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అను సంస్థ నిజాయితీ ఒప్పందము అను పద్ధతిని ప్రవేశపెట్టెను. టెండరు పిలుచువారును, వేయువారును లంచ మియ్యము, పుచ్చుకొనము అని వ్రాతమూలకముగ ఒప్పుకొందురు. తప్పినవారు టెండరుకు అనర్హులగుదురు. స్వతంత్రులైన పర్యవేక్షకులు పరిశీలింతురు. మన దేశమున కేంద్ర విజిలెన్సు కమిషను 2007లో ఈ పద్ధతిని ప్రభుత్వరంగ సంస్థలకు సిఫారసు చేసెను. విశాఖ ఉక్కు కర్మాగారమును నడుపు రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థ దీనిని స్వీకరించిన వానిలో నొకటి.

తెలుగువారికి ఈ విషయము పరాయిది కాదు. 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకమునకు ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ జరిపిరి. శిక్షణ పొందిన గ్రామ యువకులు మస్టరు రోలు చేతబట్టి ఇంటింటికి పోయి, "నీవు ఇన్ని దినములు పని చేసితివా? ఇంత కూలి ముట్టినదా?" అని అడిగిరి, దొరకిన తేడాలను మండల కేంద్రమున అందరి యెదుట చదివిరి. 2009లో దీనికై ప్రత్యేక సంస్థ యేర్పడెను. ఓడలోని రంగు డబ్బాల జాబితా యైనను, ఊరిలోని కూలి జాబితా యైనను, పదిమంది కన్నులు పడిన కాగితమును దిద్దుట కష్టము.

ఈ కార్యక్రమములకు ధనము ప్రభుత్వముల నుండియు, సభ్యసంస్థల చందాల నుండియు, ఒక్కొక్కప్పుడు తప్పు చేసినవారి నుండియు వచ్చును. జర్మను దేశపు సీమెన్సు సంస్థ 2009లో ప్రపంచ బ్యాంకుతో కుదిరిన ఒప్పందము ప్రకారము, 15 సంవత్సరములలో 10 కోట్ల డాలర్లను అవినీతి నిరోధక కృషికి ఇచ్చుటకు అంగీకరించెను. డబ్బిచ్చినవారు సహజముగా ఫలితము అడుగుదురు. ఇచట ప్రాజెక్టు అధికారికి కఠినమైన పరీక్ష యెదురగును. ఫిర్యాదులు తగ్గినచో లంచము తగ్గినదా, లేక చెప్పుటకు జనులు భయపడుచున్నారా? పెరిగినచో అవినీతి పెరిగినదా, లేక నమ్మకము పెరిగినదా? అంకెను చూచి సంతోషించుట తేలిక. దాని అర్థము తెలిసికొనుటకు మరల రేవునకు పోయి, మరల వినవలెను. చట్టము, లెక్కలు, నౌకావ్యాపారము తెలిసినవారే గాక ఓర్పు గలవారు కూడ ఈ ఉద్యోగమునకు కావలసినది ఇందుకే. ఒక రేవున మూసిన ద్వారము పక్క రేవున తెరచుకొనవచ్చును. ఫిర్యాదు చేసిన కెప్టెనుపై మరుసటి ప్రయాణమున కక్ష తీర్చుకొనవచ్చును. పేరు బయటికి రానీయకుండ కాపాడుట ఈ ఉద్యోగములోని మొదటి ధర్మము.

ఇది మన గృహములకు సంబంధింపని విషయమని అనుకొనరాదు. ఎరువులు, వంటనూనెలు, ఇంధనము, ఉక్కు కర్మాగారమునకు కావలసిన కోకింగు బొగ్గు సముద్రము మీదనే వచ్చుచున్నవి. రేవున చెల్లిన మామూలు అచటనే మునిగిపోదు. సరకు ధరలో కలిసి మన గుమ్మమునకు చేరును.

ప్రాజెక్టు అధికారులు కెప్టెనులకు నేర్పు మెలకువలు మూడు ప్రశ్నలుగా చెప్పుకొనవచ్చును. ఇవి ఏ ఆఫీసు కిటికీ యెదుట నిలిచిన గృహస్థునకైనను పనికివచ్చును. "ఈ రుసుము ఏ నియమము ప్రకారము? దీనికి రసీదు ఇత్తురా? కాదనుచున్నట్లు వ్రాసి యిత్తురా?" అని మర్యాదగా, గొంతు పెంచకుండ అడుగవలెను. న్యాయమైన రుసుమునకు ఈ ప్రశ్నలవలన హాని లేదు. మామూలునకు మాత్రము మూటిలో దేనికిని జవాబుండదు.