వాల్వ్ రేడియోని గిటార్ ఆంప్‌గా మార్చొచ్చా? ముందు ఈ ఒక్కటి చెక్ చేయండి

అటక మీద తాతగారి కాలం నాటి పెద్ద చెక్క రేడియో ఉంది, చేతిలో ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. ఈ రెండూ కలిపితే ఆంప్ అయిపోతుందా? అవుతుంది. కానీ కొన్ని రేడియోలతో ఈ పని చేస్తే ప్రాణమే పోవచ్చు. మీ ఇంట్లోది ఏ రకమో ఎలా కనుక్కోవాలో ఈరోజు చూద్దాం.

ముందు ఒక చిన్న మాట. ఇంగ్లీష్ వీడియోల్లో దీన్ని ట్యూబ్ రేడియో అంటారు. ట్యూబ్ అంటే ట్యూబ్‌లైట్ కాదండి. మన రేడియో మెకానిక్‌లు వాల్వ్ అంటారే, అదే. చిన్న గాజు బుడ్డిలా ఉంటుంది, స్విచ్ వేసిన కాసేపటికి లోపల ఎర్రగా వెలుగుతుంది.

రేడియోలో సగం ఆంపే

రేడియోని రెండు భాగాలుగా ఊహించుకోండి. మొదటి భాగం గాలిలో ఉన్న స్టేషన్లలో మీకు కావాల్సినదాన్ని పట్టుకుని, అందులోంచి చిన్న ఆడియో సిగ్నల్ బయటికి తీస్తుంది. అది వాల్యూమ్ కంట్రోల్ దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి రెండో భాగం మొదలు. ఒక వాల్వ్ ఆ సిగ్నల్‌ని కొంచెం పెంచుతుంది, ఇంకో పెద్ద వాల్వ్ స్పీకర్‌ని కదిలించేంత పవర్ ఇస్తుంది.

గిటార్ పికప్ ఇచ్చేది కూడా చిన్న ఆడియో సిగ్నలే. దాన్ని వాల్యూమ్ కంట్రోల్ దగ్గర ఇస్తే మిగతా పని రేడియో చూసుకుంటుంది. లాజిక్ ఇంతే.

ఇది విడ్డూరం కూడా కాదు. ఫెండర్ గిటార్ల లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో తెరిచింది రేడియో రిపేర్ షాపే. అలాగే, చాలా యూరప్ మోడల్ రేడియోల్లో పవర్ వాల్వ్ ఈఎల్84. బీటిల్స్ వాడిన వాక్స్ ఏసీ30 ఆంప్‌లో అవే నాలుగు ఉంటాయి. రేడియోలో మామూలుగా ఒకటే ఉంటుంది కాబట్టి 5 వాట్ల లోపు వస్తుంది. స్టేజికి చాలదు కానీ గదిలో వాయించడానికి బోలెడు.

ఫోన్‌లో ఆంప్ యాప్‌లు కాపీ కొట్టేది కూడా ఈ వాల్వ్ సౌండ్‌నే. వాల్వ్‌ని దాని శక్తికి మించి వాయిస్తే, సౌండ్ వేవ్ కొసలు కత్తిరించినట్టు కాకుండా కాస్త గుండ్రంగా నలుగుతాయి. గిటారిస్టులు వెతికే ఆ గరుకుదనం అక్కడి నుంచే వస్తుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కొన్ని రేడియోల్లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. గోడ ప్లగ్‌లోని 230 వోల్టులకీ, లోపలి సర్క్యూట్‌కీ మధ్య నేరుగా వైర్ కనెక్షన్ ఉండదు. ఇది మనకి పనికొచ్చే రకం.

ఇంకో రకం ఏసీ/డీసీ సెట్లు. ఖర్చు తగ్గించడానికీ, డీసీ కరెంట్ ఉన్న ఊళ్లలో కూడా పనిచేయడానికీ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చేశారు. వీటిలో చాలావాటికి లోపలి ఇనుప చాసీ నేరుగా కరెంట్ వైర్‌కే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్ తిప్పి పెడితే చాసీ మొత్తానికీ 230 వోల్టులు. రేడియోగా వాడినంతకాలం చెక్క పెట్టె, ప్లాస్టిక్ నాబ్‌లు మనల్ని కాపాడాయి.

గిటార్ పెట్టారనుకోండి, ఏమవుతుంది? గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా జాక్ గ్రౌండ్‌కి, ఆ గ్రౌండ్ చాసీకి కలుస్తాయి. అంటే మీ వేళ్ల కింద ఉన్న తీగల్లో ఇంటి కరెంట్! చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడినా, రెండో చేత్తో మైక్ పట్టుకున్నా అంతే సంగతులు. అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత చవక ఆంప్‌లని గిటారిస్టులు 'విడో మేకర్' అంటారు. భార్యని విధవని చేసేది అని అర్థం.

మీది ఏ రకం?

ప్లగ్ పీకేసి, ఒక రోజు పక్కన పెట్టి, వెనక అట్ట తీయండి. లోపల వేటినీ ముట్టుకోవద్దు. కెపాసిటర్లలో 250 వోల్టుల పైన కూడా ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

ఒకటి, వెనక అట్ట మీద 'ఏసీ/డీసీ' అని రాసుందా? రెండు, వాల్వ్‌ల మీద నంబర్లు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. యూసీఎల్82, యూవై85 లాగా 'యూ'తో మొదలైతే అనుమానించాల్సిందే. 'ఈ'తో మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్ ఉండే అవకాశం ఎక్కువ.

మూడోది అసలు పరీక్ష. ప్లగ్ గోడకి దూరంగానే ఉండాలి, రేడియో స్విచ్ మాత్రం ఆన్‌లో పెట్టండి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో అన్నిటికంటే పెద్ద రేంజ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ ప్లగ్ పిన్‌కి, ఇంకోటి చాసీ మీద పెయింట్ లేని చోట ఆనించండి. తర్వాత రెండో పిన్‌తో చూడండి. ఏ పిన్‌తో రీడింగ్ వచ్చినా గిటార్ ఆలోచన మానేయండి. దాన్ని రేడియోగానే ఉంచుకోండి. రెండింటితోనూ ఏమీ రాకపోతేనే ముందుకి వెళ్దాం.

మెకానిక్‌కి ఏం చెప్పాలి?

ఇక్కడి నుంచి హై వోల్టేజ్ పని. అనుభవం లేకపోతే వాల్వ్ సెట్లు తెలిసిన పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇవి చేయమనండి:

1. మూడు పిన్నుల ప్లగ్ పెట్టి, ఎర్త్‌ని చాసీకి గట్టిగా బిగించాలి. ఫేజ్ వైర్‌లో ఫ్యూజ్ పెట్టాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడైనా లీకైతే మిమ్మల్ని కాపాడేది ఇదే.

2. పాత పేపర్ కెపాసిటర్లు, ఫిల్టర్ కెపాసిటర్లు మార్చాలి. పవర్ వాల్వ్ ముందున్న కెపాసిటర్ లీకైతే వాల్వ్ ఎర్రగా కాలిపోతుంది. వెంట ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు.

3. మొదటిసారి సిరీస్ బల్బు పెట్టి ఆన్ చేయాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలిగి చెప్పేస్తుంది.

4. గిటార్ జాక్‌ని షీల్డ్ వైర్‌తో వాల్యూమ్ కంట్రోల్‌కి తేవాలి. వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్ ఉంటే పని ఇంకా సులువు, రేడియోని కోయక్కర్లేదు.

5. స్పీకర్ వైర్ తీసేసి ఎప్పుడూ ఆన్ చేయకూడదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

అంతా అయ్యాక సౌండ్ తక్కువగా వస్తే కంగారు పడొద్దు. ఆ సాకెట్ గ్రామఫోన్ క్రిస్టల్ పికప్ కోసం పెట్టింది. గిటార్ సిగ్నల్ దానికంటే బాగా చిన్నది. మధ్యలో ఒక బూస్టర్ పెడల్ పెడితే సరిపోతుంది, లేదా లోపల ఇంకో వాల్వ్ స్టేజ్ కట్టించుకోవచ్చు.

పని బాగా చేసిన రేడియోలో పాత స్టేషన్లూ వస్తాయి, మీ గిటారూ మోగుతుంది. కానీ ముందు మీటర్, తర్వాతే గిటార్. గిటార్ వాయించే మీ ఫ్రెండ్ ఎవరైనా పాత రేడియో కొనే ఆలోచనలో ఉంటే ఈ ఎపిసోడ్ తప్పకుండా పంపండి.