మా వార్డుకి కార్పొరేటర్ ఎవరు?

నాకు 28 ఏళ్లు. 2019లో ఓటేశాను, 2024లో మళ్లీ వేశాను. ఎమ్మెల్యేకి, ఎంపీకి. కానీ మా వీధి మంచిచెడ్డలు చూసే మనిషి కోసం ఇప్పటిదాకా ఒక్కసారీ ఓటెయ్యలేదు. బద్ధకించి కాదు, అసలు ఆ ఎన్నికే జరగలేదు. మాది శ్రీకాకుళం.

మా ఊరి మున్సిపాలిటీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2005లో. అప్పుడు నేను మూడో తరగతి. ఆ పాలకవర్గం గడువు 2010లో అయిపోయింది. అప్పట్నుంచీ ప్రత్యేకాధికారి పాలనే. ఈలోగా నేను టెన్త్, ఇంటర్, బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, రెండు కంపెనీలు కూడా మారాను. ఊరు మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్ అయ్యింది. ఆ కార్పొరేషన్‌కి మేయర్ మాత్రం రాలేదు.

2021 మార్చిలో రాష్ట్రంలో పుర ఎన్నికలు జరిగాయి. పక్కనున్న విజయనగరం కార్పొరేషన్‌కి మేయర్ వచ్చారు. మా జిల్లాలోని పలాసకి, ఇచ్ఛాపురానికి కూడా పాలకవర్గాలు వచ్చాయి. జిల్లా కేంద్రం పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. శివారు పంచాయతీల్ని ఊళ్లో కలపడం, దానిమీద కోర్టు కేసులు, వార్డుల లెక్క తేలకపోవడం... ఇలా ముడిమీద ముడి పడింది.

యాప్ ఉందిగా?

"కార్పొరేటర్ ఎందుకురా, యాప్ ఉందిగా!" అన్నాడు మా ఫ్రెండ్ ఒకడు. నిజమే. యాప్ ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాలున్నాయి. సోమవారం వస్తే కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. వీధిలైటు వెలక్కపోయినా, చెత్త ఎత్తకపోయినా చెప్పుకోడానికి దారులున్నాయి.

కానీ మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక తేడా బాగా తెలుసు. బగ్ వస్తే టికెట్ పెడతాం. ఎవరో ఒకరు సరిచేసి క్లోజ్ చేస్తారు. వచ్చే ఏడాది ఏం కట్టాలి అన్నది మాత్రం టికెట్లతో తేలదు. దానికి మీటింగ్ కావాలి. వాడేవాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఆ మీటింగ్‌లో ఉండాలి.

ఊరు కూడా అంతే. లైటు మార్చడం టికెట్. ఉన్న డబ్బు ముందు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్ కోసం పెట్టాలా, నాగావళి ఒడ్డున పల్లపు వీధుల కాలువలకా, శివారు కాలనీల పైపులైన్లకా? ఇది నిర్ణయం. పన్నులు కట్టేది మనం. ఆ నిర్ణయం జరిగేచోట మన వీధి తరఫున మాట్లాడేవాళ్లెవరూ లేరు.

ఇది అధికారుల్ని తప్పుపట్టడం కాదు. వాళ్లకి బదిలీలుంటాయి, ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది ఇంకెక్కడో. కార్పొరేటర్ ఊళ్లోనే ఉంటాడు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర దొరుకుతాడు. అయిదేళ్లకోసారి మన గుమ్మం ఎక్కక తప్పదు కాబట్టి మధ్యలో మొహం చాటేయడం కష్టం.

మా వీధిలో ఒక మామ్మ ఉంది. ఆవిడ మాట వింటే ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పక్కర్లేదు. "అప్పట్ల కుళాయి రాకపోతే బిందె అట్టుకొని కవున్సిలరు గుమ్మంల కూకునేదాన్ని బాబూ. నీరొచ్చినాకే లెగిసేదాన్ని. ఇప్పుడెవులింటికి ఎల్తాం?"

రాజ్యాంగం ఏం చెప్తోంది?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతో వచ్చిన 243యు అధికరణం ప్రకారం పురపాలక సంఘం గడువు అయిదేళ్లు. ఆ గడువు ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తవ్వాలి. మా ఊళ్లో ఆ 'లోపే' పదిహేనేళ్లు దాటిపోయింది.

పోయింది ఓటు ఒక్కటే కాదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అంటే మా వీధుల్లో నీళ్ల ట్యాంకర్ దగ్గర గట్టిగా మాట్లాడే అక్కలు, పిన్నులు ఎందరికో కార్పొరేటర్ అయ్యే దారి ఇన్నేళ్లూ మూసుకుపోయింది. 2011 లెక్కల్లోనే లక్షా పాతిక వేలకి పైగా జనాభా ఉన్న ఊరు ఇది.

పాలకవర్గం వస్తే అన్నీ తీరిపోతాయని నేననను. మేయర్ ఉన్న ఊళ్లలోనూ కాలువలు పొంగుతాయి. మేయర్ వచ్చినా మన రైలు ఆమదాలవలసలోనే ఆగుతుంది, ఆ స్టేషన్‌కి 'శ్రీకాకుళం రోడ్' అనే పేరే ఉంటుంది. కాకపోతే కాలువ పొంగితే పేరు పెట్టి పిలిచి అడగడానికి ఒక మనిషి ఉంటారు. నచ్చకపోతే అయిదేళ్లకి మార్చేయొచ్చు.

మన చేతిలో ఏముంది?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిచేస్తున్నా మనలో చాలామంది ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది. అది జాబితాలో ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోడానికి రెండు నిమిషాలు చాలు.

రెండోది, వార్డుల విభజన. ఎన్నికలకి ముందు వార్డుల హద్దులతో ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలు చెప్పమంటారు. మామూలుగా దాన్ని పార్టీల వాళ్లు తప్ప ఎవరూ చదవరు. మనం చదవాలి. ఒకే వీధిని రెండు వార్డులుగా కోశారా, మన శివారు కాలనీ ఎటు పోయింది అన్నవి అప్పుడే అడగాలి. తర్వాత అడిగితే మళ్లీ కోర్టులు, మళ్లీ వాయిదాలు.

మూడోది ఇంకా తేలిక. ఎమ్మెల్యే టికెట్ ఎవరికొస్తుందో మన వాట్సాప్ గ్రూపుల్లో గంటలకొద్దీ వాదించుకుంటాం కదా! ఈసారి అదే గ్రూపులో ఒక్క ప్రశ్న వేసి చూడండి: "మనది ఎన్నో వార్డు?" ఎంతమంది చెప్పగలరో చూద్దాం.