ఆదాయం ఎవరి జేబులోంచి?

క్యాసినోకు అనుమతిస్తే ఊరికి ఆదాయం వస్తుందని కొందరంటారు. గోవా 1992లో తన జూద నిషేధ చట్టాన్ని సవరించి పెద్ద హోటళ్లలో జూదపు యంత్రాలను అనుమతించింది. తర్వాత నదిలో ఓడలపైనా క్యాసినోలు వెలిశాయి. మన రాష్ట్రంలో 1974 చట్టం జూద గృహాలను నిషేధించింది. 2020లో ఆన్‌లైన్ జూదాన్నీ అందులో చేర్చారు. కనుక మంగళగిరి పురపాలకులు తలచినా క్యాసినోకు అనుమతివ్వలేరు.

దివ్య ఖుర్ఆన్ (2:219) జూదంలో లాభమే లేదనదు. లాభం కన్నా కీడే పెద్దదంటుంది. ఆలోచించండి: క్యాసినో కట్టే పన్నులో ప్రతి రూపాయీ ఎవరో ఓడిపోయినదే. వారమంతా మగ్గం మీద నేసిన కూలి, మిర్చి కోతల కూలి ఒక్క రాత్రిలో జూదానికి పోతే ఆ ఇంట పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆదాయం లెక్కించేవారు ఆ పస్తులనూ లెక్కలో రాయాలి. ఊరి గుమ్మాన్ని చట్టం కాస్తుంది. ఇంటి గుమ్మాన్ని కాయవలసింది మనమే.