బాయిలరు గదిలో విన్న విమానం

దర్శి: అద్దంకి దాటాక కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు విన్యాసాలు చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2022 డిసెంబరు 29న ఒకసారి, 2024 మార్చి 18న మరొకసారి ఆ ముచ్చట జరిగింది. రెండోసారి మా మేనమామను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని వెళ్ళాను. పోలీసులు దగ్గరకు రానివ్వలేదు. దూరంగా చేను గట్టు మీద నిలబడ్డాం. సుఖోయ్‌లు, హాక్‌లు రోడ్డును తాకీ తాకనట్టు కిందికి వచ్చి మళ్ళీ లేచిపోయాయి. జనమంతా చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని పైకి చూస్తుంటే ఆయన మాత్రం తల వంచుకుని చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"మామా, పైకి చూడవే?" అన్నాను.

"చూడటం నాకు అలవాటు లేదురా అల్లుడూ. వినడమే అలవాటు" అన్నాడు.

ఆయన 1967లో నౌకాదళంలో చేరాడు. 1971 యుద్ధం నాటికి విక్రాంత్ అనే విమాన వాహక నౌకలో బాయిలరు గదిలో పని. దర్శి నుంచి సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. అటువంటి మెట్ట ఊరి కుర్రవాడు సముద్రం నడుమ, నీటి మట్టానికి దిగువన, ఆవిరి గొట్టాల మధ్య యుద్ధం గడిపాడు. నెత్తి మీద విమానాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. వాటిలో ఒక్కటి గాలిలోకి లేవడం కూడా ఆయన కళ్ళతో చూడలేదట. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క నలుపు తెలుపు ఫొటో. రెక్కలు మడిచిన విమానం ముందు నలుగురు నావికులు. అందులో మామ రెండోవాడు.

ఆ విమానం పేరు సీ హాక్. బ్రిటన్‌లో హాకర్ కంపెనీ రూపొందించిన నౌకాదళపు జెట్ ఇది. తొలి నమూనా 1947లో ఎగిరింది. 1953 నుంచి బ్రిటిష్ నౌకాదళం వాడుకుంది. మన నౌకాదళం 1960లో వీటితో 300వ స్క్వాడ్రన్‌ను నెలకొల్పింది. తెల్లపులి ఆ స్క్వాడ్రన్ గుర్తు. విక్రాంత్ కూడా పుట్టుకతో బ్రిటిష్‌దే. హెర్క్యులిస్ అనే పేరుతో 1945లో నీటిలోకి దిగి, పని పూర్తికాక ఆగిపోయిన ఓడను మన ప్రభుత్వం 1957లో కొన్నది. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా మన నౌకాదళంలో చేరింది.

రోడ్డు మీద విమానాలు చూసి వచ్చిన రాత్రి నాకు బుద్ధి పుట్టింది. మామకు కంటిలో శుక్లాలు ముదురుతున్నాయి. ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, రెండోదానికి డాక్టరు ఇంకా ఊగిసలాడుతున్నారు. చూపు ఉండగానే ఆ విమానాన్ని పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి ఆయనకు చూపించాలి. గోవాకు తీసుకుపోతే 1998లో తెరిచిన నౌకాదళ విమాన ప్రదర్శనశాలలో అసలుదే ఉంది. కానీ అంత దూరం రైలు ప్రయాణం ఆయన నడుముకు పడదు. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్నది సీ హారియర్, ఆ తరువాత వచ్చిన జెట్. అంచేత బొమ్మ చేయాలని తీర్మానించాను.

బొమ్మ అంటే తిరునాళ్ళలో దొరికే బొమ్మ కాదు. అసలు విమానాన్ని 72 వంతుల్లో ఒక వంతుకు తగ్గించి, ముక్కలు ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. మనం అతికించుకోవాలి. 72 అనే లెక్క ఎక్కడిదని అడిగితే, ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుకు వస్తాడు. అదీ కిటుకు. సీ హాక్ పొడవు 39 అడుగుల 8 అంగుళాలు. బొమ్మలో అది పదిహేడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ, జానెడు కూడా లేదు. అదే లెక్కన 700 అడుగుల విక్రాంత్‌ను చేస్తే దాదాపు పదడుగులు అవుతుంది. మా ఇంట్లో అంత మంచమే లేదు.

ఇటువంటి పెట్టెలకు ప్రపంచమంతా పేరుపడిన బ్రిటిష్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్. 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరీ దేశస్థుడు లండన్‌లో స్థాపించాడు. ఆ కంపెనీ చేసిన తొలి నమూనా ఓడా కాదు, విమానమూ కాదు. ట్రాక్టరు! 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ల కంపెనీ తమ అమ్మకందార్లు రైతులకు చూపించుకోవడానికి చిన్న బొమ్మలు చేయించుకుంది. అతికించడం ఖర్చుతో కూడిన పని కావడంతో ముక్కలనే పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. మన చేలల్లో తిరిగే మాస్సీ ఫెర్గూసన్‌కు ఆ ట్రాక్టరు తాత వరుస. ఈ సంగతి చెప్పాక మా బజారులో నన్ను పిచ్చివాడిలా చూడటం కాస్త తగ్గింది.

పెట్టె పార్శిల్లో వచ్చింది. ఖరీదు చెబితే ఇంట్లో గొడవ. ఒక డీఏపీ బస్తా పోయిందనుకోండి. తెరిస్తే బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు చింతకాయల్లా కొమ్మకు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ కోసి, అంచు గీకి, నీళ్ళలో తడిపిన ఉప్పు కాగితంతో రుద్ది, అతికించాలి. దీనికి వాడే జిగురు మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. అది అయిపోయిన రోజున ఓపిక పట్టలేక చెప్పులు అతికించే జిగురు రెండు చుక్కలు వేశాను. తెల్లారేసరికి పైలట్ కూర్చునే చోటి అద్దం మంచు పట్టినట్టు తెల్లబడింది. ఆ జిగురు ఆవిరికి పారదర్శకమైన ప్లాస్టిక్ అలా అవుతుందని తరువాత చదివాను. ముందు చదివి ఉంటే బాగుండేది.

మరో తంటా. మూడు చక్రాల మీద నిలబెడితే ముక్కు లేచి తోక మీద కూర్చుంటుంది. ముక్కులో బరువు వేసి మూయాలి. సైకిలు షాపులో పాత బేరింగు గుళ్ళు నాలుగు అడిగి తెచ్చి లోపల అతికించాను. అవిప్పటికీ అందులోనే ఉన్నాయి.

బొమ్మ చేస్తుంటే విమానం కడుపు తెలుస్తుంది. జెట్ అనగానే వెనుక తోక కింద నుంచి మంట వస్తుందనుకుంటాం. సీ హాక్‌కు అలా కాదు. నడుమ ఒకే ఇంజను, రోల్స్ రాయిస్ వారి నీన్. దాని పొగ గొట్టాన్ని రెండుగా చీల్చి, రెక్కల మొదట్లో చెరో పక్కకు తెచ్చారు. దీంతో గొట్టం పొడుగు తగ్గి బలం వృథా కాలేదు, తోక వైపు ఖాళీ అయిన చోట చమురు నింపుకున్నారు. ముక్కు కింద నాలుగు 20 మి.మీ. ఫిరంగులు. రెక్కల నిడివి 39 అడుగులు, మడిస్తే 13 అడుగుల 4 అంగుళాలే. ఓడలో స్థలం అంత పొదుపు.

ఇక రంగు. పెట్టెలో ఇచ్చిన కాగితం బ్రిటిష్ విమానాన్ని చూపిస్తుంది. పైన ముదురు సముద్రపు బూడిద రంగు, కింద లేత రంగు. మన నౌకాదళం కొన్న తొలి సీ హాక్‌లు ఆ రంగులతోనే వచ్చాయి. ఆ ముదురు బూడిద రంగును చెప్పడానికి నాకు మాటలు దొరక్క బోర్డులు రాసే ఆర్టిస్టుకు మార్కాపురం పలకను తడిపి చూపించాను. ఆయన రెండు నిమిషాల్లో కలిపిచ్చాడు. కింది రంగుకు సున్నంలో పెసరపిండి కలిపినట్టు ఉండాలన్నాను, అదీ కుదిరింది. బ్రిటిష్ గుర్తుల అచ్చులు పక్కన పడేసి, వెలుపల కాషాయం, మధ్యన తెలుపు, నడిబొడ్డున ఆకుపచ్చ చక్రాలు నేనే గీశాను. తోక మీద తెల్లపులి గీయబోతే తెల్లపిల్లి అయింది. మూడుసార్లు తుడిచాను.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ తోక దగ్గరే వచ్చింది. మన నౌకాదళం 1960ల నడుమ పశ్చిమ జర్మనీ వాడి వదిలేసిన సీ హాక్‌లు కూడా కొన్నది. జర్మన్లు చేయించుకున్న వాటికి నిలువు తోక బ్రిటిష్ వాటికంటే పొడుగు. మరి మామ ముందు నిలబడి ఫొటో దిగినది పొట్టి తోకదా, పొడుగు తోకదా? ఫొటోలో తోక సరిగ్గా నాలుగో నావికుడి తల వెనుక దాగింది. నెల రోజులు ఈ తోక కోసం తిరిగాను. నౌకాదళ చరిత్ర పుస్తకాలు, పాత ఫొటోలు చూశాను. రెండు రకాలూ కనిపిస్తాయి. మామతో పనిచేసి ఇప్పుడు శ్రీకాకుళం వైపు ఉంటున్న ఒక మాజీ నావికుడికి ఫోను కలిపాం. ఆయన డెక్కు మీద పనిచేసినవాడు. పొట్టిదే అన్నాడు. పది నిమిషాలయ్యాక తనే ఫోను చేసి, కాదు పొడుగుదే అన్నాడు.

ఈ వెతుకులాటలో మామ ఎప్పుడూ చెప్పని మాటలు బయటికి వచ్చాయి. 1971లో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకటి పగిలి ఉంది. అంచేత ఓడ పూర్తి వేగంతో పోలేదు. ఓడ వేగంగా గాలికి ఎదురుపోతేనే విమానం తేలిగ్గా లేస్తుంది. పైగా విమానాన్ని ఉండేలు రాయిలా విసిరే యంత్రం ఆవిరితోనే పనిచేస్తుంది, ఆ ఆవిరి బాయిలర్లదే. అంటే పైన పైలట్ ప్రాణం కింద గేజి చూసే మనిషి మీద కూడా ఆధారపడి ఉంటుంది. డిసెంబరు 4 ఉదయం ఎనిమిది సీ హాక్‌లు కాక్స్ బజార్ విమానాశ్రయం మీద దాడికి లేచాయి. మధ్యాహ్నం చిట్టగాంగ్. విసిరినప్పుడల్లా గది గోడలు అదిరేవని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేవారమని, దిగేటప్పుడు పైన దబ్బుమన్న చప్పుళ్ళు కూడా లెక్కపెట్టేవారమని మామ చెప్పాడు. వెళ్ళినవీ వచ్చినవీ సరిపోయేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదట. స్క్వాడ్రన్‌ను నడిపిన లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకు, ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కు మహావీర్ చక్ర వచ్చింది. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అంతకు ముందు రాత్రే విశాఖ దగ్గర మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ అక్కడ లేదు, అండమాన్ల వైపు ఉంది.

బొమ్మ పూర్తయ్యాక మామ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి "ఇంతేనా?" అన్నాడు. జానెడు బొమ్మతో ఆయనకు విమానం పరిమాణం అందలేదు. అప్పుడు పిల్లలు ఒక ఉపాయం చెప్పారు. మినుము కొట్టి ఊడ్చిన కళ్ళంలో టేపు పట్టి, ముగ్గుపిండితో 39 అడుగుల 8 అంగుళాల విమానాన్ని నేల మీద గీశాం. రెక్కలు, పొగ గొట్టాలు, పైలట్ గూడు అన్నీ కొలత ప్రకారమే. మామ కర్ర పట్టుకుని ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా నడిచాడు. మళ్ళీ వెనక్కి వచ్చి ఎడమ రెక్క చివర నిలబడ్డాడు. ఫొటోలో తాను నిలబడింది అక్కడేనట. చాలాసేపు అక్కడే ఉన్నాడు. పిల్లలు పైలట్ గూటిలో కూర్చోవడానికి కొట్టుకున్నారు. రాత్రి వాన పడి విమానం కొట్టుకుపోయింది.

సీ హాక్‌లు 1983లో విరమించాయి. ఆ డిసెంబరులోనే సీ హారియర్లు గోవాకు వచ్చాయి. అవి కూడా బ్రిటిష్ జెట్లే, నిలువునా దిగగలవు. 2016లో వాటికీ సెలవిచ్చారు. పాత విక్రాంత్ 1997 జనవరి 31న విరమించి, కొన్నాళ్ళు ముంబైలో ప్రదర్శనశాలగా ఉండి, 2014లో ముక్కలైంది. ఆ ఇనుము కొంత బజాజ్ కంపెనీ కొని 2016లో వి అనే మోటారు సైకిల్ చేసింది. దర్శి గడియార స్తంభం దగ్గర అటువంటి బండి ఒకటి ఆగి ఉంటే మామకు చూపించాను. ట్యాంకు మీద చెయ్యి వేసి, బండి యజమాని వచ్చేదాకా తియ్యలేదు. అతను ఎవరో బండి బేరానికి వచ్చారనుకున్నాడు.

తోక సంగతి ఇంకా తేలలేదు. శ్రీకాకుళం ఆయన వారానికో మాట అంటున్నారు. అంచేత రెండో పెట్టె తెప్పించాను. ఈసారి పెరుగు డబ్బా మూత కోసి తోక ఎత్తు పెంచుతున్నాను. రెండూ కిటికీలో పక్కపక్కనే పెడతాను, ఏది తనదో మామే చెబుతాడు. మొదటిదాని తెల్లబడ్డ అద్దం మార్చవద్దన్నాడు. తెల్లవారుజామున బంగాళాఖాతంలో అద్దాలకు అలాగే చెమ్మ పట్టి ఉంటుందట. తను చూడలేదు కదా అంటే, డెక్కు మీది వాళ్ళు చెప్పారన్నాడు. పలక రంగు డబ్బా సగం మిగిలి ఉంది. వచ్చే ఆదివారం వేస్తాం.