డాట్‌కామ్ తొలినాళ్లు: హైదరాబాద్ వ్యాపారం, కోర్టు గడప

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులకే ఆ సౌకర్యం దక్కింది; హైదరాబాద్ కొంతకాలం ఆగాల్సి వచ్చింది. బొమ్మలతో సహా పేజీలు కనిపించే కనెక్షన్ కావాలంటే 250 గంటలకు 15 వేల రూపాయలు కట్టాలి. విద్యార్థులకు 500 రూపాయలకే ఇచ్చారు గానీ అందులో అక్షరాలు తప్ప మరేమీ కనిపించేవి కావు. అమెరికాలోనూ ఇంటర్నెట్ పూర్తిగా వ్యాపారుల చేతికి వచ్చింది ఆ ఏడాదే. ప్రభుత్వ సొమ్ముతో నడిచిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ ఏప్రిల్‌లో పక్కకు తప్పుకుంది. జూలైలో అమెజాన్ పుస్తకాల అమ్మకం, సెప్టెంబరులో ఈబే వేలంపాట మొదలయ్యాయి. అంటే ఈ వ్యాపారంలో మనం అమెరికాకు తరాల దూరంలో లేము. చట్టం విషయంలో మాత్రం ఇద్దరి ముందూ ఖాళీ కాగితమే ఉంది.

హైదరాబాద్‌కు సంబంధించి అసలు మలుపు 1998 నవంబరు. ఆ నెలలోనే కేంద్రం ఇంటర్నెట్ సేవలను ప్రైవేటు సంస్థలకు తెరిచింది. ఆ నెల 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో హైటెక్ సిటీ తొలి భవనమైన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తొలి ప్రైవేటు సర్వీసు కూడా హైదరాబాద్ మూలాలున్న సంస్థదే. రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా 1995లో పుట్టిన సత్యం ఇన్ఫోవే, ‘సత్యం ఆన్‌లైన్’ పేరుతో కనెక్షన్లు అమ్మింది. కొద్దికాలానికే ‘ఐవే’ పేరుతో సైబర్ కేఫ్‌లూ తెరిచింది. 1999 అక్టోబరులో అమెరికా నాస్‌డాక్ ఎక్స్ఛేంజీలో వాటాలు అమ్ముకుంది. భారతీయ ఇంటర్నెట్ సంస్థ ఒకటి అక్కడికి వెళ్లడం అదే మొదలు. మరుసటి నెలే రాజేశ్ జైన్ నడుపుతున్న ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ధరకు తగిన యంత్రాలు గానీ భూములు గానీ ఇండియావరల్డ్‌కు లేవు. ఉన్నవల్లా సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చీ వంటి కొన్ని డాట్‌కామ్ పేర్లు, వాటిని రోజూ తెరిచి చూసే జనం. వాళ్లలో ప్రవాస భారతీయులు ఎక్కువ.

కంటికి కనిపించని పేరుకు, చూసేవారి అలవాటుకు ఇంత విలువ కట్టడం అంతకుముందు మన మార్కెట్ ఎరగదు. ఆ విలువ నిలవలేదు కూడా. 2000లో అమెరికా డాట్‌కామ్ బుడగ పగిలాక నాస్‌డాక్‌లో సత్యం ఇన్ఫోవే వాటా ధర కొద్ది డాలర్లకు దిగజారింది. 2005లో సత్యం తన వాటాను అమెరికాలోని తెలుగు పారిశ్రామికవేత్త రాజు వేగేశ్న సంస్థకు అమ్ముకుని బయటపడింది. కనెక్షన్లు అమ్మిన చిన్న సంస్థలకు ఇంకా కష్టకాలం. హైదరాబాద్‌లో 1998లో పుట్టిన సదరన్ ఆన్‌లైన్ తర్వాత పేరు మార్చుకుని, అప్పటి నల్లగొండ జిల్లా చౌటుప్పల్ దగ్గర బయోడీజిల్ తయారీకి దిగింది. కనెక్షన్ అమ్మడం లాభసాటి వ్యాపారమనుకున్నవారు, టెలిఫోన్ తీగ మీదా అంతర్జాతీయ కేబుల్ మీదా అధికారం ఉన్నవాడిదే అసలు లాభమని తెలుసుకునేసరికి ఆలస్యమైంది.

ఇంటర్నెట్ వల్ల ఎక్కువ కాలం నిలిచిన లాభం హైటెక్ సిటీ అద్దాల భవనాలకంటే పాత పారిశ్రామికవాడలకు దక్కిందని చెప్పవచ్చు. నగరానికి ఉత్తరాన, కుత్బుల్లాపూర్ పక్కన ఉన్న జీడిమెట్లనే చూడండి. బల్క్ డ్రగ్స్, వాటికి కావలసిన రసాయనాలు, ఇంజనీరింగ్ సామాన్లు, ప్లాస్టిక్ తయారుచేసే యూనిట్లు అక్కడ వరుసకట్టి ఉంటాయి. విదేశీ కొనుగోలుదారుడి కంట పడాలంటే అలాంటి చిన్న యూనిట్ యజమాని మధ్యవర్తులనో, ఎగ్జిబిషన్లనో, ఫ్యాక్సునో నమ్ముకోవాల్సి వచ్చేది. 1996లో ఇండియామార్ట్, 1999లో చైనాలో అలీబాబా వచ్చాక ఉత్పత్తుల జాబితాను ప్రపంచం ముందు పెట్టడం చవకైంది. నాలుగు పేజీల వెబ్‌సైటు, ఒక ఈమెయిల్ చిరునామా ఉంటే జర్మనీలోని కొనుగోలుదారుడు నేరుగా ధర అడగగలడు. పెద్ద కంపెనీకి ఇది అదనపు సౌకర్యం మాత్రమే. పది మంది పనిచేసే షెడ్డుకు మాత్రం అంతకుముందు లేని మార్కెట్టే వచ్చినట్టు.

అయితే ఆ నాలుగు పేజీల వెబ్‌సైటు పెట్టేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్నలు మూడు. ఆ పేరు తమదేనా? ఆ పేజీ వల్ల ఏ ఊరి కోర్టుకు జవాబు చెప్పాలి? దాని మీద ఇతరులు రాసిన మాటలకు బాధ్యత ఎవరిది? ఈ మూడింటికీ మన దేశంలో జవాబులు చట్టం పుస్తకంలోంచి ముందుగా రాలేదు. కోర్టు తగాదాల్లోంచి, ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆ తగాదాల్లో ముఖ్యమైనవి కొన్ని హైదరాబాద్ సంస్థలవే కావడం విశేషం.

మొదటిది పేరు. డొమైన్ పేర్లను ముందు అడిగినవారికి ముందు అన్న పద్ధతిలో ఇచ్చేవారు. 1998లో ఒక డాట్‌కామ్ పేరుకు రెండేళ్ల రుసుము 70 డాలర్లు. ఆ పేరు మీద హక్కుందా అని రిజిస్ట్రారు అడగడు. దాంతో పేరున్న కంపెనీల పేర్లు వాటికంటే ముందే నమోదు చేసుకుని కూర్చునే వ్యాపారం ఒకటి పుట్టింది. ‘యాహూఇండియా’ పేరు పెట్టుకున్న ఒక వెబ్‌సైటును 1999 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆపించింది. మన దేశంలో డొమైన్ పేరు మీద వచ్చిన తొలి ముఖ్యమైన ఉత్తర్వు అదే. 2001లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ అదే కోర్టు తలుపు తట్టింది. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన ఆ కంపెనీ 2001లోనే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కింది; జీడిమెట్లలోనూ దానికి ప్లాంటు ఉంది. ‘డాక్టర్‌రెడ్డీస్‌ల్యాబ్ డాట్‌కామ్’ అనే పేరును మాత్రం వేరెవరో నమోదు చేసుకున్నారు. అదే ప్రతివాది టాటాల పేర్లను కూడా నమోదు చేశాడని అదే ఏడాది మరో కేసు నడిచింది. రెండింటిలోనూ కోర్టు అసలు పేరు గలవారి వైపే నిలిచింది.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తగాదా సిఫీది. సత్యం, ఇన్ఫోవే అన్న రెండు మాటలను కలిపి కంపెనీ ‘సిఫీ’ అనే కొత్త పేరు అల్లుకుని, 1999లో దానితో డొమైన్లు నమోదు చేసింది. 2001లో మరో సంస్థ ‘సిఫీనెట్’ పేరుతో, ఇంగ్లిషులో ఒక్క అక్షరం తేడాతో, డొమైన్ తీసుకుంది. తమ ఐదుగురు భాగస్వాముల పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరు వచ్చిందని ఆ సంస్థ వాదించింది. కింది కోర్టు సత్యం పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. ఇద్దరి వ్యాపారాలూ వేరు కాబట్టి జనం పొరబడరంటూ కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది. డొమైన్ పేరు కంప్యూటరు చిరునామా మాత్రమే కాదు, వ్యాపారపు గుర్తింపు కూడా అని చెప్పింది. దానికంటూ ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును మరొకరి పేరుతో చలామణి చేయకుండా అడ్డుకునే పాత ‘పాసింగ్ ఆఫ్’ సూత్రం డొమైన్లకూ వర్తిస్తుందని తేల్చింది. ఈనాటికీ డొమైన్ తగాదాల్లో న్యాయవాదులు ముందుగా తెరిచేది ఈ తీర్పునే. దేశం పేరుతో ఉండే డాట్ ఇన్ డొమైన్లను అందరికీ తెరిచిన 2005లోనే తగాదాల పరిష్కారానికి మధ్యవర్తిత్వ విధానం కూడా పెట్టారు. అప్పటి నుంచి ప్రతి డాట్ ఇన్ పేరు కోసమూ ఏళ్ల తరబడి దావా నడపాల్సిన అవసరం తప్పింది.

రెండో ప్రశ్న జీడిమెట్లవంటి చోట్ల మరింత సూటిగా తగులుతుంది. 2004 చివరి వరకు మన చట్టం మందు తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు కాదు. కాబట్టి అమెరికాలో పేటెంటు ఉన్న మందును ఇక్కడ వేరే పద్ధతిలో తయారుచేయడం అప్పట్లో చట్టబద్ధమే. ఆ మందు పేరును వెబ్‌సైటులో అమ్మకాల జాబితాలో పెడితే మాత్రం ఆ పేజీ అమెరికాలోనూ తెరుచుకుంటుంది. పేటెంటు ఉన్న దేశంలో అమ్మజూపడం కూడా ఉల్లంఘనే. అందుకే మన బల్క్ డ్రగ్ కంపెనీల వెబ్‌సైట్లలో జాబితా కింద ఒక షరతు కనిపిస్తుంది: పేటెంటు అమల్లో ఉన్న దేశాల్లో ఈ ఉత్పత్తులను అమ్మజూపడం లేదు అని. చిన్న అక్షరాల్లో ఉండే ఆ రెండు వాక్యాల విలువ చాలా ఎక్కువ.

పేజీ ఎక్కడైనా తెరుచుకుంటుంది కదా అని ఎక్కడైనా కేసు వేయవచ్చా? ఈ విషయంలో మన దేశానికి దారి చూపిన బన్యన్ ట్రీ కేసులోనూ ప్రతివాదులు హైదరాబాద్ వారే. తమ నిర్మాణ ప్రాజెక్టును వారు అదే పేరుతో వెబ్‌సైటులో ప్రచారం చేశారు. ఆ పేరు తమదంటూ సింగపూర్ సంస్థ ఢిల్లీలో దావా వేసింది. వెబ్‌సైటు ఢిల్లీలో కనిపించినంత మాత్రాన అక్కడి కోర్టుకు అధికారం రాదని 2009 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం చెప్పింది. ఆ ప్రాంతపు కొనుగోలుదారులను ఉద్దేశించి, అక్కడ వ్యాపారం జరిపినట్టు దావా వేసినవారే చూపించాలి. అమెరికాలో 1997 నాటి జిప్పో కేసు మొదలుకొని కోర్టులు వెతుక్కున్న దారి కూడా దాదాపు ఇదే. చిన్న వ్యాపారులకు ఈ తీర్పు చేసిన మేలు పెద్దది. లేకుంటే ఒక్క వెబ్‌సైటు పెట్టిన పాపానికి దేశంలోని ప్రతి కోర్టుకూ వాయిదాలకు తిరగాల్సి వచ్చేది.

ఈలోగా చట్టం రానే వచ్చింది. 2000 అక్టోబరు 17న ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ పత్రానికి చట్టబద్ధత, డిజిటల్ సంతకానికి గుర్తింపు, ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా తీసుకునేందుకు సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ దాని ద్వారానే వచ్చాయి. డిజిటల్ సంతకాలు జారీ చేసే తొలి లైసెన్సు 2002లో సిఫీ అనుబంధ సంస్థ సేఫ్‌స్క్రిప్ట్‌కు దక్కింది. బ్యాంకుల కోసం రిజర్వు బ్యాంకు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీకి కూడా ఆ అధికారం వచ్చింది. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టెండర్లను ఆన్‌లైన్‌లో పిలవడం మొదలుపెట్టాక డిజిటల్ సంతకం కాంట్రాక్టర్లకు నిత్యావసరమైంది. ఈమెయిల్ ఒప్పందాల సంగతి మాత్రం ఆలస్యంగా తేలింది. ఐదు ఓడల బాక్సైటు కొనుగోలు విషయంలో ఈమెయిల్‌లో ‘ఖాయం’ అని జవాబిచ్చాక, సంతకాల పత్రం తర్వాత రాసుకోకపోయినా ఒప్పందం కుదిరినట్టేనని ట్రైమెక్స్, వేదాంత కేసులో 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎగుమతులు చేసే ప్రతి యూనిట్‌లోనూ ఈమెయిల్స్‌కు జవాబిచ్చే ఉద్యోగికి ఈ ఒక్క తీర్పయినా తెలిసి ఉండాలి.

చట్టం దారి ఇవ్వక ఆగిన వ్యాపారం కూడా ఒకటుంది: ఇంటర్నెట్ ఫోన్. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు హైదరాబాద్‌లో ఎన్నో. ఐఎస్‌డీ చార్జీలు మోయలేనంతగా ఉన్న ఆ రోజుల్లో ఇంటర్నెట్ మీదుగా మాట్లాడించడం మంచి బేరమే. కానీ 2002 ఏప్రిల్ 1 దాకా అది నిషిద్ధం. సాంకేతికంగా సాధ్యమైన పని చట్టరీత్యా నేరం కావచ్చునని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం గుర్తుచేస్తూ వచ్చింది.

మూడో ప్రశ్న అన్నిటికంటే చిక్కుది. ఒకరు రాసిన మాటను మరొకరి సర్వరు మోస్తుంది. ఆ మాట తప్పయితే దోషి ఎవరు? 1991లో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవా సంస్థ బాధ్యురాలు కాదన్న అమెరికా కోర్టులు, 1995లో అలాంటిదే అయిన ప్రాడిజీ బాధ్యురాలన్నాయి. ఆ గందరగోళం చూసి అక్కడి చట్టసభ 1996లో సెక్షన్ 230 తెచ్చి, మోసేవారికి గట్టి రక్షణ ఇచ్చింది. మన 2000 నాటి చట్టంలోని సెక్షన్ 79 అంత దూరం పోలేదు. తెలియక జరిగిందని గానీ, తగిన జాగ్రత్త పడ్డామని గానీ నిరూపించుకుంటేనే రక్షణ. అదీ ఆ చట్టం కింది నేరాలకే. ఒక వాడకందారుడు బాజీ డాట్‌కామ్ అనే అమ్మకాల వెబ్‌సైటులో అశ్లీల వీడియో అమ్మకానికి పెడితే 2004 డిసెంబరులో ఆ సంస్థ అధిపతినే అరెస్టు చేశారు. దేశంలో వెబ్‌సైటు నడిపే ప్రతివారికీ అది హెచ్చరికైంది. 2008లో చట్టాన్ని సవరించారు. నోటీసు అందాక తొలగిస్తే రక్షణ ఉండేలా కొత్త సెక్షన్ 79 అమల్లోకి వచ్చింది 2009 అక్టోబరు 27న.

పాత సెక్షన్‌కూ కొత్త సెక్షన్‌కూ నడుమ చిక్కుకున్న కేసు సికింద్రాబాద్‌లోనే నడిచింది. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూప్స్‌లో తమ మీద వచ్చిన రాతలు పరువు నష్టం కలిగించాయంటూ రాసినవారితో పాటు గూగుల్ ఇండియా మీద కూడా సికింద్రాబాద్ మేజిస్ట్రేట్ కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు చేసింది. తమ మీది కేసు కొట్టేయాలని గూగుల్ అడిగితే 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పాత సెక్షన్ 79 పీనల్ కోడ్ కింది పరువు నష్టానికి రక్షణ ఇవ్వదని, 2009కి ముందు నాటి రాతలకు పాత సెక్షనే వర్తిస్తుందని చెప్పి, గూగుల్ పాత్ర ఏమిటన్నది విచారణ కోర్టే తేల్చాలని వదిలేసింది. రాతలు వచ్చిన 11 ఏళ్లకు తేలింది అంతవరకే. అంతకాలం కోర్టు ఖర్చులు భరించగల శక్తి గూగుల్‌కు, విశాకకు ఉంది. జీడిమెట్లలోని చిన్న యూనిట్‌కు ఉండదు. అందుకే అలాంటి యూనిట్ల యజమానులు డొమైన్‌ను వెబ్‌సైటు చేసిపెట్టినవారి పేరున వదలకుండా కంపెనీ పేరునే నమోదు చేయించుకోవాలి, దాంతోపాటే ట్రేడ్‌మార్కుకూ దరఖాస్తు పెట్టాలి, ఆర్డర్లు ఖాయం చేసిన ఈమెయిల్స్‌ను చెరపకుండా దాచుకోవాలి.